వాయి ఎప్పుడు తీయాల

ధర్మవరం
12 ఆగస్టు 2024

జైతూనక్కకు,

నువ్వు ఊరు విడిచి ఇవాళ్టికి యాభై రెండు రోజులు. తౌఫిక్‌కు మూడుసార్లు ఫోను చేసినాను. ఒకసారి నువ్వు నమాజులో ఉన్నావన్నాడు. ఒకసారి పడుకున్నావన్నాడు. మూడోసారి, "అమ్మ ఫోనులో మాట్లాడదంట పిన్నమ్మా, ఉత్తరం రాయమంటాంది" అన్నాడు. పద్దెనిమిదేండ్లు గోడకు ఆ పక్క నువ్వు, ఈ పక్క నేను. మనకు ఉత్తరాల అవసరం యాడొచ్చిందో తెలీదు. సరే, రాస్తాండా.

పోయిన శుక్రవారం నిప్పట్లు చేద్దామని పిండి కలిపినాను. కలిపినాక చూసుకుంటే అక్కడితో నా పని అయిపోయింది. ఇన్నేండ్లూ అంతే కదా. కొలతలు నావి, కలపడం నాది. తట్టేది, నూనెలో వేసేది, తీసేది నువ్వు. నాకు కాగే నూనె అంటే ఎంత భయమో నీకు తెలుసు, చిన్నప్పుడు మా అమ్మ మెడ మీద పడింది నేను కండ్లారా చూసినాను. మూడుసార్లు బాండ్లి పెట్టి మూడుసార్లు దించినాను. చివరికి ఆ పిండిని పెనం మీద తట్టి కాల్చినాను. మా ఆయన ఒక ముక్క కొరికి, "ఇది నిప్పట్టా, రొట్టెనా?" అన్నాడు. రెండూ కాదు, తినండి అన్నాను.

నువ్వెట్లా తీసేదానివి అక్కా? నేను అడిగితే, "నూనె సద్దు తగ్గుతాదిమే. సద్దు తగ్గినాక రెండు ఊపిర్లు ఆగి తీయల్ల" అనేదానివి. నా నోటుబుక్కులో కొలతలన్నీ ఉన్నాయి. ఈ సద్దు ఎట్లా రాసుకోవాలో తెలీక ఆ చోటు ఖాళీగా వదిలినాను.

ఆరోగ్యం సంగతి రాయి.

నీ
హేమావతి


కణేకల్
30 ఆగస్టు

హేమమ్మకు,

నాది ఐదో తరగతి రాత. కోడి కెలికినట్టు ఉంటాది, నవ్వొద్దు.

తౌఫిక్ కారాల అంగడి, నిప్పట్లు, కారాబూందీ అమ్మేది, బస్టాండు పక్కనే. ముందర అంగడి, వెనకాల వంట, దాని వెనకాల మేము ఉండే గదులు. కట్టెల పొయ్యి, కంపచెట్టు కట్టెలు. మా ఆయన మాబు సాబ్ పోయినాక రెండేండ్లు నేను ఒక్కదాన్నే ఉంటి గదా. వీడొచ్చి, "నువ్వు ఊరికే ఉండొద్దు మా, నా అంగట్లో నిప్పట్లు నీవి" అన్నాడు. ఆ మాటకే వచ్చినా. కూర్చోబెట్టి తిండి పెడతా అనుంటే వచ్చేదాన్ని కాదు.

ఇప్పుడు సంగతేమంటే, నిప్పట్లు మెత్తగా వస్తాండాయి. పైన ఎర్రగా ఉంటాయి, విరిస్తే లోపల పచ్చి. ఈడ ఎరువుల అంగడి తిప్పయ్య పొట్లం వెనక్కి తెచ్చి, "ఏమప్పా తౌఫిక్, ఇవి నిప్పట్లా దోసెలా?" అన్నాడంట పది మంది ముందర. వీడు వేరే పొట్లం ఇచ్చినాడు. నా కోడలు షాహిదా చెప్పింది. వాడు నాతో ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండు.

ఈడ కాలువ నీళ్లు. ఆ నీళ్లదే తప్పు అనుకుంటాండా. నువ్వు నీ కొలతలు రాసి పంపు. నేను ఎప్పుడూ నీ గిన్నెలో పిండే తట్టినా, కొలతలు నాకేం తెలుసు.

సద్దు గురించి అడిగినావు. అది రాసేది కాదు. వదిలెయ్.

జైతూన్


ధర్మవరం
10 సెప్టెంబరు

జైతూనక్కకు,

మనం చేసే లెక్క ఇది. బియ్యప్పిండి నాలుగు గ్లాసులైతే పుట్నాల పొడి ఒక గ్లాసు. శెనక్కాయ విత్తనాలు వేయించి, పొట్టు ఊది, కచ్చాపచ్చాగా దంచినవి ముక్కాలు గ్లాసు. శనగబ్యాళ్లు పిడికెడు రెండు గంటలు నానబెట్టి, గుడ్డ మీద పరిచి ఆరబెట్టల్ల. తడి పైన ఉంటే నూనెలో పేలతాయి. నువ్వులు, కారం, ఉప్పు, కరివేపాకు నీకు తెలుసు. కాచిన నూనె పావు గ్లాసు పిండిలో పోసి, రెండు చేతులతో బాగా రుద్దినాకే నీళ్లు.

మెత్తబడేదానికి కారణాలు ఎన్నుంటాయో ఒక కాగితం మీద రాసుకున్నాను. పిండి పాతది కావచ్చు. నీళ్లు ఎక్కువ కావచ్చు. మందంగా తట్టి ఉండొచ్చు. నువ్వన్నట్టు కాలువ నీళ్లు కూడా కావచ్చు. ఒక్కొక్కటి కొట్టేసుకుంటా పోతే చివరికి దొంగ దొరుకుతాడు. అందుకని పొడి పిండి నేనే కలిపి పంపుతాండా. ఐదు లీటర్ల క్యానులో మన కుళాయి నీళ్లు కూడా. మన వీధి జయరాముడు రాయదుర్గానికి పెండ్లికి పోతాంటే, కణేకల్ దాకా పోయి ఇచ్చి రమ్మని బతిమాలినాను.

క్యాను చూసి మా ఆయన నవ్వి నవ్వి కూర్చున్నాడు. "మూడు రోజులకు ఒకసారి కుళాయి వచ్చే ఊరి నుంచి కాలువ పారే ఊరికి నీళ్లు పంపుతాండావా? చూసుకో, ఏటి నిండా ఇసక ఉండే మనకు రేపు వాళ్లు ఇసక పంపుతారు" అన్నాడు. జయరాముడు కూడా క్యాను ఎత్తుకోని, "అక్కా, ఇది తీర్థమా?" అన్నాడు. అవును, నెత్తిన చల్లుకోకు అన్నాను.

వండి చూసి రాయి.

హేమావతి


కణేకల్
21 అక్టోబరు

హేమా,

పిండి నీది, నీళ్లు నీవి, చెయ్యి నాది. మళ్లా మెత్తగానే వచ్చినాయి. రెండోసారి ఎక్కువసేపు ఉంచితే నల్లగా మాడినాయి.

పోయిన సోమవారం తౌఫిక్ నా చేతిలో గంటె మెల్లగా తీసుకున్నాడు. "చాల్లే మా, ఎన్నేండ్లు చేస్తావు, ఇంక కూర్చో" అన్నాడు. మంచిగానే అన్నాడు. ఇప్పుడు షాహిదా వేస్తాంది. బాగానే వేస్తాంది, అబద్ధం చెప్పకూడదు. నేను పుట్నాల్లో రాళ్లు ఏరుతాండా. పుట్నాల్లో రాళ్లు యాడుంటాయి? నాకు ఒక పని ఉండాల గదా అని ఇచ్చినారు.

దీని గురించి ఇంక రాయొద్దు. మీ ఆయన బాగుండాడా, వానలు పడినాయా, అవి రాయి.

జైతూన్


ధర్మవరం
8 నవంబరు

జైతూనక్కకు,

మా ఆయన బాగున్నాడు. వాన రెండు రోజులు తుంపర్లు పడి పోయింది. నువ్వు రాయొద్దన్న సంగతి రాస్తాండా, కోపం తెచ్చుకోకు.

నా కాగితంలో అన్నీ కొట్టేసినాను. పిండి కాదు, నీళ్లు కాదు. నువ్వు మందంగా తట్టవు, నీ వేళ్లు నాకు తెలుసు. మిగిలింది తీసే సమయం ఒక్కటే. దాన్ని నువ్వు సద్దును బట్టి తీస్తావు.

అక్కా, నీకు చెవులు వినపడటం లేదా?

ఏడాదిగా నేను గోడ కాడ నిలబడి పిలిస్తే పలికేదానివి కాదు. రోకలితో గోడను తడితే వచ్చేదానివి. నేను దాన్ని వాడుక చేసుకున్నానే గానీ ఎందుకని ఆలోచించలేదు. ఫోను వద్దన్నావు, ఉత్తరం రాయమన్నావు. ఇప్పుడు అన్నీ ఒక వరసలో పెట్టుకుంటే తెలుస్తాంది.

ఇంకొకటి ఉంది. అది చెప్పకుండా నిన్ను అడిగే హక్కు నాకు లేదు. పోయిన ఉగాదికి మనం చేసిన నిప్పట్లు కూడా మెత్తగానే వచ్చినాయి. నువ్వు ఇంటికి పోయినాక విరిచి చూసినాను. నువ్వు నొచ్చుకుంటావని వాటిని బర్రెకు పెట్టించి, అంగట్లో కొన్న నిప్పట్లు డబ్బాలో పోసినాను. పండగ నాడు నువ్వు వాటిని తిని, "మనవి ఈసారి బలే కుదిరినాయిమే" అన్నావు. నేను అవునన్నాను.

అప్పుడే అడిగుంటే నువ్వు కణేకల్‌కు తెలుసుకోని పోయుందువు.

హేమావతి


కణేకల్
20 నవంబరు

హేమావతికి,

నా చెవులకు ఏమీ కాలేదు.

అంగట్లో నిప్పట్లు తెచ్చి నావని నాకే తినిపించినావు. పైగా అవునన్నావు. నీకు తెలిసి కూడా నన్ను పంపించినావు. నేను ఈడికొచ్చి నా కొడుకు అంగట్లో నలుగురిలో తలొంచుకున్నా. తిప్పయ్య మొగోడు, ముందరొచ్చి అన్నాడు.

జైతూన్ బీ


ధర్మవరం
15 డిసెంబరు

అక్కా,

కార్డు చేరింది. నువ్వన్నది నిజం. అందుకని ఒక పని చేసినాను. అది రాస్తాను. చదివితే చదువు, లేకపోతే పొయ్యిలో వెయ్.

పెరట్లో మూడు ఇటుకలు పెట్టి, కంప కట్టెలు తెప్పించి, బాండ్లి పెట్టినాను. మీ పొయ్యి కట్టెల పొయ్యి అన్నావు గదా, గ్యాసు మీద చేస్తే నీకు పనికిరాదు. రెండు చెవుల్లో దూది కుక్కుకోని, పైన తువ్వాలు కట్టుకున్నాను. మొదటి వాయికి ఐదు వేసినాను. భయానికి దూరం నుంచి జారవిడిస్తే ఒకటి బాండ్లి అంచుకు అంటుకోని అక్కడే మాడింది. ఒక చుక్క మణికట్టు మీద పడి శనగబ్యాడ అంత బొబ్బ లేచింది. ఇన్నేండ్లూ నేను భయపడింది దీనికేనా అనుకున్నాను.

చెవి లేకపోతే కన్ను ఉందిగదా అని నురుగు చూస్తా కూర్చున్నాను. మొదట పెద్ద బుడగలు, తర్వాత చిన్నవి, తర్వాత అంచుల్లో మాత్రమే. కానీ కట్టెల మంట ఒక తీరుగా ఉండదు. పొగ కండ్లలో పడతాది. నురుగును నమ్మి తీసిన మూడు వాయిల్లో రెండు లోపల పచ్చి. అప్పుడు నాకు అర్థమైంది, నువ్వు ఆడ ఎట్లా అవస్థ పడి ఉంటావో.

ఇంతలో మా ఆయన వచ్చి నా ఎదురుగా నిలబడినాడు. నోరు ఆడుతాంది, మాట నాకు వినపడలేదు. తువ్వాలు తీసినాను.

"ఏమే, వాకిట్లో నుంచి నాలుగుసార్లు పిలిస్తి. కోపమా? నేనేం చేసినా ఇప్పుడు?"

"కోపం లేదు. జైతూనక్క ఎట్లా వింటాదో అట్లా వింటాండా" అన్నాను. అంతా చెప్పినాను, ఉగాది నిప్పట్ల సంగతితో సహా. ఆయన ఇంకో ఇటుక లాక్కోని దాని మీద కూర్చోని, కట్టె ఒకటి లోపలికి తోసి, "మరమగ్గాల షెడ్డులో పనిచేసేటోళ్లకు పక్కనోడు అరిచినా వినపడదు. పోగు బిగువు తప్పితే వాళ్లకు ఎట్లా తెలుస్తాది? చెయ్యి పెట్టి చూస్తారు. నువ్వూ చెయ్యి పెట్టు" అన్నాడు.

"నూనెలోనా?"

"నూనెలో పెట్టుకుంటావా తల్లీ. గంటెతో పెట్టు."

దూది మళ్లా పెట్టుకోని, ఇనుప జల్లిగంటెను తేలే నిప్పట్టు మీద ఊరికే ఆనించి పట్టుకున్నాను. అక్కా, పిడిలో వణుకు ఉంది. సన్నగా, విడవకుండా. నిప్పట్టులో తడి ఉన్నంతసేపు నూనె దాన్ని కుదుపుతానే ఉంటాది, అది గంటెలోకి వస్తాది, గంటెలోంచి వేళ్లలోకి వస్తాది. పోను పోను సన్నబడి, ఒక చోట ఆగిపోతాది. అది ఆగినాక నువ్వు చెప్పినట్టు రెండు ఊపిర్లు ఉండి తీసినాను. చల్లారినాక విరిచినాను. ఎండిన కొమ్మ విరిగినట్టు వేళ్లకు తెలిసింది.

ఆ తర్వాత నాలుగు వాయిలు కండ్లు మూసుకోని తీసినాను. నాలుగూ కుదిరినాయి.

గంటె పిడికి గుడ్డ చుట్టొద్దు, చుడితే వణుకు తెలీదు. పొడుగు పిడిది తీసుకో, కాలదు. నిప్పట్టును అదమొద్దు, తాకితే చాలు. ఒక్కో వాయిలో నడుమ ఉండేదాన్ని ఒకదాన్నే పట్టుకో, మిగిలినవి దానితోపాటే అయితాయి.

ఇంతే. జవాబు రాయకపోయినా పరవాలేదు.

హేమ


కణేకల్
19 జనవరి 2025

హేమా,

అవును. వినపడదు.

ముందు ఎడమ చెవి పోయింది. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. ఆయన ఉన్నన్నాళ్లు ఎవరేమన్నా నా తట్టు తిరిగి ఇంకోసారి చెప్పేవాడు. అది ఆయన అలవాటు అనుకుంటి. ఒక మాట రెండుసార్లు చెప్తావేమయ్యా అని కసిరేదాన్ని కూడా. ఆయన పోయినాక, రెండోసారి చెప్పేవాళ్లు లేక, నాకు ఎంత వినపడదో తెలిసింది. ఇప్పుడు కుడి చెవి కూడా పోతాంది.

ఎందుకు చెప్పలేదంటావా. మా మేనత్త ఒకామె చెవిటిది. ఆమెను ఎవరూ ఒక మాట అన్లేదు. కడుపు నిండా పెట్టినారు. కానీ ఏమీ అడిగేవాళ్లు కాదు హేమా. ఈ పొద్దు ఏం కూర చేద్దాం అని గానీ, పండక్కి ఏ రంగు చీర కావాల అని గానీ. తెచ్చి ఒళ్లో పెట్టేవాళ్లు. అరిచి అడగల్ల గదా, ఎవరికి ఓపిక. ఇరవై ఏండ్లు ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఏమీ అడక్కుండానే పోయింది. నేను చిన్నపిల్లగా చూసినా.

నీ ఉత్తరం నెల రోజులు దిండు కింద పెట్టుకున్నా. నూనె పేరెత్తితే పక్కింటికి పరిగెత్తే దానివి, చెవుల్లో దూది పెట్టుకోని కంప కట్టెల మీద నిప్పట్లు వేసినావంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. నాలుగుసార్లు చదివినా. బొబ్బ కాడికొచ్చి ఆగిపోతి ప్రతిసారీ. తగ్గిందా?

మొన్న తౌఫిక్, షాహిదా బళ్లారికి పోయినప్పుడు పొయ్యి వెలిగించినా. నువ్వు రాసినట్టే పట్టుకున్నా. మొదట నా చెయ్యి వణుకుతాందో నిప్పట్టు వణుకుతాందో తెలీలేదు. ఈ వయసులో రెండూ ఉంటాయి. గంటెను నూనె బయట ఎత్తి పట్టుకోని నా వణుకు ఎంతో చూసుకున్నా, మళ్లా ఆనించి మిగిలింది చూసుకున్నా. అట్లా తెలిసింది. ఎనిమిది వాయిల్లో ఐదు బాగా వచ్చినాయి. వాటిని పక్కింటోళ్లకు పెట్టి, చెడినవి నేను తిని, బాండ్లి తోమి బోర్లించినా. దొంగతనం చేసినట్టు ఉండె.

ఇంక తౌఫిక్‌కు చెప్పల్ల. నా నోరు రాదు. నువ్వు ఫోను చేసి వాడికి చెప్తావా?

అంగట్లో నిప్పట్ల కోపం ఇంకా కొంచెం ఉండాది. పోతాదిలే.

జైతూన్


ధర్మవరం
2 ఫిబ్రవరి

అక్కా,

బొబ్బ తగ్గింది, మచ్చ ఉంది. అందరికీ చూపిస్తాండా.

తౌఫిక్‌కు నేను చెప్పను. ఒకసారి నీకు తెలీకుండా నీ సంగతి నేనే చక్కబెట్టినాను, దాని ఫలితం చూసినాము గదా. ఇది నువ్వే చెప్పల్ల.

ఒక్క మాట ఆలోచించు. చెవుల్లో దూది పెట్టుకోని నేను కూర్చుంది గంటసేపు. ఆ గంటలోనే మా ఆయన నాకు కోపమొచ్చిందనుకున్నాడు. తౌఫిక్ ఏడు నెలలుగా నిన్ను పిలుస్తాండాడు, నువ్వు పలకవు. వాడేమనుకుంటాండాడో అడిగి చూడు.

హేమ


కణేకల్
18 మార్చి

నా హేమకు,

రంజాన్ నెల, ఉగాది కూడా దగ్గరికొచ్చె. అంగట్లో ఊపిరి తిరగడం లేదు, అందుకే ఆలస్యం.

నెల మొదలయ్యే ముందు, అంగడి తెరవకముందే వాణ్ని పిలిచినా. "తౌఫిక్, నాకు వినపడదురా" అన్నా. వాడు పొట్లాలు కడతా తల ఎత్తకుండానే ఏదో అన్నాడు. "అట్లా కాదు, నా ముందరకొచ్చి మెల్లగా చెప్పు. అరవొద్దు" అన్నా. వచ్చి కింద కూర్చున్నాడు.

"ఎప్పటినుంచి?"

"మీ నాయన ఉన్నప్పటినుంచే."

"మరి నేను పిలిస్తే పలకనిది దానికా?"

"ఇంక దేనికనుకుంటివి?"

"ధర్మవరం ఇల్లు ఖాళీ చేయించినానని నా మీద కోపమనుకుంటి. ఈ అంగడి పని నీకు ఇష్టం లేదేమో, బలవంతాన చేస్తాండావేమో, అందుకే చెడిపోతాండాయేమో అనుకుంటి. అందుకే గంటె తీసుకుంటి మా. నువ్వు పొయ్యి కాడ కూర్చోనుంటే నీ వెనకాల నిలబడి ఎన్నిసార్లు మాట్లాడినానో."

"ఏం మాట్లాడినావు?"

"ఇప్పుడు ముందర కూర్చోని చెప్పల్లంటే సిగ్గయితాంది" అన్నాడు.

నేను వాడి తల నిమిరినా. షాహిదా టీ తెచ్చి, మా ఇద్దర్నీ చూసి, ఏం జరిగిందో తెలీక టీ తీసుకోని మళ్లా లోపలికి పోయింది.

వాడు నన్ను అనంతపురం తీసుకపోయి చూపించినాడు. ఎడమది పూర్తిగా పోయిందన్నారు. కుడిదానికి మిషను పెడితే కొంత తెలుస్తాదంట. పెట్టుకుంటా అన్నా. అది వచ్చేలోగా పని ఆగదు గదా, గంటె మళ్లా నాకే ఇచ్చినాడు. మొదటి రెండు రోజులు వాడు నా పక్కనే నిలబడి ప్రతి వాయినీ విరిచి చూసినాడు. మూడో రోజు విరవడం మానినాడు.

షాహిదా కూడా నేర్చుకుంటా అని వచ్చింది. నా చేతి మీద చెయ్యి వేసి గంటె పట్టించినా. "అత్తా, ఏమీ లేదు, ఊరికే ఉండాది" అంది. దానికి చెవులు బాగుండాయి గదా, చెయ్యి ఎందుకు వింటాది. కండ్లు మూసుకోమన్నా. చానాసేపటికి నవ్వింది. దానికి తెలిసిందని ఆ నవ్వుతోనే నాకు తెలిసింది.

నిన్న సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తా. రోజా విడిచేదానికి ఇంకా అరగంట ఉండాది. ముగ్గురం ఉపవాసం, రుచి చూసేవాళ్లు లేరు. ముందర అంగట్లో జనం నిలబడి ఉండారు. బాండ్లిలో పది నిప్పట్లు ఎర్రగా తేలుతాండాయి. తౌఫిక్ పళ్లెం పట్టుకోని వచ్చినాడు. వెనకాల నుంచి పిలవలేదు. నా ముందరకొచ్చి, వంగి, నా కండ్లలోకి చూసి, "మా, అయిందా?" అని అడిగినాడు. షాహిదా కూడా పిండి తట్టేది ఆపి నా తట్టే చూస్తాంది.

నేను గంటె ఆనించి చూసినా. "ఇంకా లేదు, ఆగండి" అన్నా.

ఇద్దరూ ఆగినారు.

నీ
జైతూనక్క